జానెడు కోరా గుడ్డ

మొన్న పొద్దున నేను టీ తాగుతుంటే మా మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. తెర మీద ఎర్ర రంగులో ఏదో అంకె ఉంది. "నానమ్మా, ఇయ్యాల హవా ఖరాబ్ ఉన్నది. ఖిడ్కీ బంద్ చెయ్" అంది. దానికి స్కూల్లో పర్యావరణం ప్రాజెక్టు ఇచ్చారట. రోజూ పొద్దునా సాయంత్రం ఆ అంకె చూసి రాసుకోవాలి, వారం తిరిగాక ఆ అంకెల్ని కలుపుతూ గీత గీసి టీచరుకు ఇవ్వాలి. సరేనని లేచి కిటికీ మూశాను. మూశాక చెక్క మీద వేలు పెట్టి ఒక్క లాగు లాగితే వేలు నల్లబడింది. "ఇది గూడ రాసుకో" అని చూపించాను. "ఇది నంబర్ కాదు గదా నానమ్మా" అని నవ్వి వెళ్ళిపోయింది. తెలివైన పిల్ల. అంకెలతో ప్రాజెక్టు చేస్తే ఎవరికీ ఏమీ కాదు. నేను ఒకసారి గుడ్డలతో చేయించాను, అందుకే ఈ సంగతి ఇంత బాగా తెలుసు.

పద్మనగర్‌లో ఒక తెలుగు బడిలో ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పాను. బడి అనగానే మైదానం, గంట, జెండా స్తంభం ఊహించుకోకండి. కింద సాంచెలు, పైన మేము. సాంచెలంటే మరమగ్గాలు, మా వాళ్ళు ముంబై పక్కన ఈ భివండికి వచ్చి మూడు తరాలైనా ఆ మాట మారలేదు. అవి ఆడుతున్నంతసేపూ మా నేల వణికేది. బల్ల మీద పెట్టిన సుద్దముక్క దానంతటదే నడుచుకుంటూ వచ్చి కింద పడేది. చలనం గురించి చెప్పడానికి నేను వేరే ప్రయోగం చేయాల్సిన అవసరం రాలేదు. ఆ చప్పుడు మీద అరిచి అరిచి నా గొంతు అలాగే ఉండిపోయింది, ఇప్పుడు కూడా నేను కోడలితో మామూలుగా మాట్లాడితే పక్కింటివాళ్ళు తగువనుకుంటారు. ఏటేటా బడిలో సైన్సు ప్రదర్శన ఉండేది. ఏటేటా పిల్లలు నోట్లో జ్వరం చూసే గొట్టం పెట్టుకున్న భూగోళం బొమ్మే గీసేవారు. మెచ్చుకుని గోడకు అంటించేదాన్ని. కరోనాకు రెండేళ్ళ ముందు మాత్రం నాకు బుద్ధి పుట్టింది. ఈసారి బొమ్మలొద్దు, బయటికి వెళ్ళి మన వాడ గాలీ నీరూ మనమే పరీక్ష చేద్దామని తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాను.

వాళ్ళకు పండగే అయింది. ఇద్దరు పిల్లలు గైబీ నగర్ వైపు, అద్దకం కార్ఖానాల నీళ్ళు కలిసే నాలా దగ్గర నిలబడి రోజూ నీళ్ళ రంగు రాసుకొచ్చారు. సోమవారం ఎరుపు, మంగళవారం నీలం, బుధవారం చిలకపచ్చ. నాలుగో రోజుకల్లా వాళ్ళు వాడలో ఆడవాళ్ళకు, వచ్చే పండక్కి ఏ రంగు చీరలు దిగుతాయో చెప్పే స్థితికి వచ్చారు. ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళను పట్టుకుని వానలూ ఎండలూ వెనకటికీ ఇప్పటికీ ఎలా మారాయని అడిగారు. జనానికి దేవుడి భయం పోయింది కాబట్టి ఎండలు ముదిరాయని పెద్దవాళ్ళందరూ ఏకగ్రీవంగా చెప్పారు. పిల్లలు దాన్ని 'వాతావరణ మార్పుకు కారణాలు' అనే శీర్షిక కింద చక్కటి అక్షరాలతో రాశారు. మిగతా వాళ్ళందరికీ గుడ్డల పని. ఒక్కొక్కరూ జానెడు తెల్లగుడ్డ తెచ్చుకోవాలి, మూలన పేరూ గల్లీ రాయాలి, ఇంటి మిద్దె మీద వారం రోజులు కట్టాలి. తర్వాత వాడ పటం గీసి, ఏ గల్లీ గుడ్డ ఆ గల్లీ మీద పిన్నుతో గుచ్చుతాం. మసి ఎక్కడ ఎంత పడుతోందో చదువు రానివాడికి కూడా అర్థమవుతుంది. ఈ ఆలోచన వచ్చిన రాత్రి నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు పిల్లలు చిందీలు తెచ్చారు. చిందీలంటే మగ్గాల కింద పడే పనికిరాని ముక్కలు, చేతులు తుడుచుకోవడానికి అందరి ఇళ్ళలోనూ ఉంటాయి. అన్నిటి మీదా నూనె మరకలే. నేను వాటిని తిరగేసి బల్ల మీద విసిరాను. "ఇన్ని మరకలుంటే మసి ఏం కనబడుతుంది? ఇంతమంది నేసేవాళ్ళ పిల్లలు, జానెడు తెల్లగుడ్డ దొరకదా మీకు?" అన్నాను. దొరకదని నాకు తెలియదా? నేను నేతగాడి కూతుర్ని. సాంచె మీద ఎంత గుడ్డ నేసినా అది సేఠ్‌ది. కింద పడిన చిందీ కూడా సేఠ్‌దే, తూకం వేసి అమ్ముకుంటాడు, చేతులు తుడుచుకునేంత తీసుకుపోతే చూసీ చూడనట్టు వదిలేస్తాడు. నేస్తున్న తానులో కత్తెర పెడితే మాత్రం దొంగతనం, ఆ రోజే లెక్క చూసి పంపేస్తారు. ఇవన్నీ తెలిసే అన్నాను. సైన్సు టీచరుగా అన్నానని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను.

ఆ తరగతిలో నాకు మేనకోడలు వరసయ్యే పిల్ల ఒకతి ఉండేది. రక్తసంబంధం కాదు. వాళ్ళ నాయన సిరిసిల్ల దిక్కు మనిషి, మా చాల్‌లోనే మూడు గదుల అవతల ఉండేవాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. క్రిస్మస్‌కు వాళ్ళింటి కేకు మాకు, బతుకమ్మకు మా సద్దులు వాళ్ళకు. పిల్ల నన్ను ఇంటి దగ్గర అత్తమ్మా అనీ, బడిలో టీచర్ అనీ పిలిచేది, ఎప్పుడూ తడబడేది కాదు. వాళ్ళ గది వెనకే సైజింగ్ కార్ఖానా ఉండేది. నేతకు పోయే ముందు పడుగుకు గంజి పట్టించే చోటది. బాయిలర్‌లో కట్టె దొరికితే కట్టె, దొరకనప్పుడు పాత చెప్పులు, ప్లాస్టిక్, చిరిగిన సీటు కవర్లు. పొగగొట్టం సరిగ్గా వాళ్ళ మిద్దె ఎత్తున ఉండేది. లోపల మంచం మీద వాళ్ళ నానమ్మ కూర్చుని పొద్దస్తమానం దగ్గేది. పిల్ల ఒక రోజు బడి వదిలాక నా వెంట నడుస్తూ అడిగింది: "గుడ్డ మీద గట్ల నల్లగ కనబడితె, సేఠ్ చిమ్నీ పొడుగు జేస్తడా టీచర్?" ఆ పిల్లకు బహుమతి మీద ఆశ లేదు, ఆ చిమ్నీ పొడుగు కావడమే కావాలి. "ఎందుకు చెయ్యడు? చూస్తే తప్పక చేస్తాడు" అన్నాను. అంత సులువుగా అబద్ధం ఆడగలనని నాకు అంతకుముందు తెలియదు.

ఆ సాయంత్రమే వాళ్ళ నాయన డ్యూటీ దిగి మా గుమ్మం ముందుకొచ్చాడు. అటూ ఇటూ చూసి చొక్కా లోపలి నుంచి ఒక గుడ్డ తీశాడు. ఉతకని, రంగు పడని కోరా గుడ్డ, ఒక్క మరక లేదు. "గింత సాలునా అక్కా? చిందీల నూనె ఉంటది, బిడ్డ పరీక్ష ఖరాబైతది" అన్నాడు. నేను వేళ్ళతో నలిపి చూసి "సాలు తమ్మీ, మంచి గుడ్డ" అన్నాను. ఎక్కడిదని అడగలేదు. అడగాల్సిన పనే లేదు, ఇంకా మగ్గం వాసన వేస్తోంది.

ఆరో రోజుకల్లా మా పరిశోధనకు ఒక ఉపద్రవం వచ్చిపడింది. సొంత పిల్లల పేరు రాసి ఉన్న మాసిన గుడ్డ మిద్దె మీద ఊగడం తల్లులు సహించలేకపోయారు. పదకొండు గుడ్డలు సబ్బు పెట్టి ఉతికి, నీలిమందు వేసి, మడత పెట్టి బడికొచ్చాయి. "పేరు రాసిన మాసిన గుడ్డ చూస్తె నలుగురేమనుకుంటరు టీచరమ్మా?" అని ఒక తల్లి నన్నే దబాయించింది. మా పటం ప్రకారం పద్మనగర్‌లో పదకొండు గల్లీల గాలి తపోవనాల గాలితో సమానం. నా మేనకోడలు మాత్రం వాళ్ళమ్మను మిద్దె ఎక్కనివ్వలేదు. ఏడో రోజు అది తెచ్చిన గుడ్డను చూసి తరగతి మొత్తం బల్ల చుట్టూ మూగింది. తెలుపన్నది ఎక్కడా లేదు. ముట్టుకుంటే జిడ్డుగా చేతికి అంటుకుంది, కడిగినా తొందరగా పోలేదు. దాన్ని నేనే పటం నడిమధ్యలో గుచ్చాను.

ప్రదర్శనకు ముఖ్య అతిథి సేఠ్. సైజింగ్ ఆయనదే, పిల్ల నాయన పనిచేసే సాంచెల కార్ఖానా ఆయనదే, మా బడి ఫంకాలు కూడా ఆయన ఇచ్చినవే. వచ్చీ రాగానే థర్మాకోల్‌తో చేసిన ధ్రువపు ఎలుగుబంటి దగ్గర ఆగాడు. మంచు కరిగిపోతోంది, పాపం ఇది ఎక్కడికి పోవాలని ఒక పిల్లవాడు చెబుతుంటే సేఠ్ నిజంగానే బాధపడ్డాడు, నేను కళ్ళారా చూశాను. తర్వాత మా పటం దగ్గరికి వచ్చాడు. నా మేనకోడలు కర్ర పట్టుకుని, వారం రోజులుగా బట్టీపట్టిన హిందీలో గల్లీ గల్లీ చూపించింది. గర్వం నన్ను ఊరికే ఉండనివ్వలేదు. "ఈమె తండ్రి మీ కార్ఖానాలోనే పనిచేస్తాడు సేఠ్‌జీ" అన్నాను, తనవాళ్ళ పిల్ల అనుకుంటే ఇంకాస్త శ్రద్ధగా వింటాడని. సేఠ్ నల్లగుడ్డ మీదికి చెయ్యి చాచాడు. మసి చూస్తున్నాడనుకుని పిల్ల కర్రను తమ గల్లీ మీదికి జరిపింది. ఆయన వేళ్ళు నేరుగా అంచు మీదికి వెళ్ళాయి.

గుడ్డల వ్యాపారంలో పండినవాడి చెయ్యి ముందు అంచు మీదికే పోతుంది. నలుగురి తానులూ రంగు వేయడానికి ఒకే మిల్లుకు పోతాయి కాబట్టి, కలిసిపోకుండా ఒక్కో సేఠ్ తన మాలు అంచులో తన గుర్తుగా రంగు పోగులు వేయించుకుంటాడు. సేఠ్ బొటనవేలితో మసి తుడిచాడు. రెండు పచ్చ పోగులు, నడుమ ఒక ఎర్ర పోగు. "యే తో మేరా మాల్ హై" అన్నాడు. తన పొగ తన గుడ్డ మీద పడి ఉంటే ఆయనకు గుడ్డ ఒక్కటే కనబడింది. ఎవరు కోశారని పిల్లను అడిగాడు. పిల్ల కర్రను గోడకు ఆనించింది. కార్ఖానా రెండు గల్లీల అవతలే, మనిషిని పంపి వాళ్ళ నాయనను పిలిపించాడు.

అతను బనియను మీదే వచ్చాడు, జుట్టు నిండా దూది నూగు. గుడ్డను చూశాడు, సేఠ్‌ను చూశాడు, నన్ను చూశాడు. తర్వాత చేతులు జోడించాడు. "నాకు తెల్వది సేఠ్. పోరే ఎత్తుకపోయింది" అని హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు. వెనక్కి తిరిగి బిడ్డ చెంప మీద కొట్టాడు. "దొంగతనం జేస్తవానె?" అన్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. "అవు, నేనే తీస్కపోయిన" అంది. అని నా వైపు చూసింది. ఆ గుడ్డ ఎవరు కోశారో, ఎవరి కోసం కోశారో, ఎవరి మాట మీద కోశారో హాల్లో తెలిసింది మా ముగ్గురికే. నేను సేఠ్ వైపు తిరిగి, "చిన్నపిల్ల, తెలియక చేసింది, క్షమించండి" అన్నాను. ఎంతో మర్యాదగా అన్నాను. సేఠ్ క్షమించాడు. పిల్లలకు సైన్సు కన్నా ముందు నీతి నేర్పమని నాకు చెప్పాడు. పిన్నులు తనే ఒక్కొక్కటీ పీకి, గుడ్డ మడిచి డ్రైవరుకిచ్చి, హెడ్‌మాస్టరు రుమాలుతో వేళ్ళు తుడుచుకున్నాడు. మొదటి బహుమతి ఎలుగుబంటికి వచ్చింది.

వాళ్ళ నాయన ఉద్యోగం నిలబడింది. పిల్లను మాత్రం బడిలో చోర్ అని పిలిచారు. నేను ఒకరిద్దరిని మందలించాను, అంతకు మించి ఏమీ చేయలేదు. పదిహేను రోజులు వచ్చి మానేసింది. ఆ వానాకాలంలోనే వాళ్ళ నానమ్మ పోయింది. చిమ్నీ ఉన్న ఎత్తునే ఉండిపోయింది. వాళ్ళ నాయన అప్పటినుంచీ నన్ను అక్కా అనలేదు, ఎదురుపడితే టీచరమ్మా అని పక్కకు తప్పుకుంటాడు. పిల్ల పద్దెనిమిదేళ్ళు రాగానే మాన్కోలి గోదాముల్లో పనికి కుదిరింది, డబ్బాల మీద చిరునామాలు అంటించే పని. ఇన్నాళ్ళూ నేను అతన్నే తప్పు పట్టాను. కన్నబిడ్డను నలుగురిలో దొంగను చేసినవాడని మా ఇంట్లో ఎన్నోసార్లు అన్నాను. అలా అన్న ప్రతిసారీ నాకు కాస్త హాయిగా ఉండేది.

మనవరాలు అంకె చూపించిన రోజు సాయంత్రం కూరగాయల బండి దగ్గర ఆ పిల్ల కనబడింది. మాన్కోలి నుంచి షేర్ ఆటోలో దిగి, మెడలో గుర్తింపు కార్డు అలాగే వేసుకుని వంకాయలు ఏరుతోంది. ఏడేళ్ళుగా మింగుతున్న మాట ఆ రోజు పైకి వచ్చింది. "మీ నాయిన ఆనాడు నిన్ను గట్ల అనొద్దుండె బిడ్డా" అన్నాను.

"నాయిననేమనకు అత్తమ్మా" అంది, వంకాయలు ఏరడం ఆపకుండా. "ఆయన గట్ల అనకుంటె మా ఇంట్ల పొయ్యి ఎలగకపోతుండె. గది నాకు గప్పుడే ఎరుక." చేతిలో వంకాయను అటూ ఇటూ తిప్పి చూసి తట్టలో వేసింది. తర్వాత, తరగతిలో సందేహం అడిగినంత మామూలుగా అడిగింది: "గని 'గుడ్డ నేనే తెమ్మన్న సేఠ్' అని నువ్వొక్క మాటంటె, నీకేమైతుండె?"

నేను సంచి సర్దుకున్నాను. పిల్ల బండివాడికి డబ్బులిచ్చి, "పోతున్న అత్తమ్మా" అని వెళ్ళిపోయింది. ఇంటికి వచ్చి కూర్చుని ఆలోచించాను. ఆ ఏడు నాకు ఉద్యోగం ఇంకా ఐదు నెలలే ఉంది. సేఠ్ నన్ను తీయలేడు, తీసినా మా వారి సంపాదనతో ఇల్లు గడిచేది. మహా అయితే ముఖం చిట్లించుకుని వెళ్ళిపోయేవాడు, ఇంకా కోపం వస్తే ఫంకాలు విప్పుకుపోయేవాడు. ఎన్ని విధాల ఆలోచించినా నాకేమీ అయ్యేది కాదు. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. ఆ పిల్లకు మాత్రం చెంప మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసినంతసేపట్లోనే తెలిసిపోయింది.