వాల్టర్ కత్తి, గోడ మీది ఫొటో

రాష్ట్ర వన్యప్రాణి శాఖలో పశువైద్యురాలిగా రాకీ పర్వతాల జిల్లా ఆఫీసుకి వచ్చి అప్పటికి నాకు పదకొండేళ్లు. ఈ సంగతి నేను రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, జనవరి మొదటి శుక్రవారం మొదలై, ఆ తరువాతి బుధవారం సాయంత్రానికి తేలిపోయింది.

తూర్పు తీరంలో క్యారీ అనే ఊళ్లో ఉన్న మా చెల్లెలు, నేను ఎలుగుబంట్లకి ఇంజెక్షన్లు చేస్తానని అందరికీ గొప్పగా చెప్పుకునేది. నిజానికి నా పని ముప్పాతిక వంతు చచ్చిన జంతువులతోనే. చలికాలంలో లైసెన్స్ ఉన్న ట్రాపర్లు కొండల మీద ఉచ్చులు పెట్టి బొచ్చు జంతువుల్ని పడతారు. తోలు వాళ్లది. మిగిలిన కళేబరాన్ని మాకిస్తే, కోసి చూసి అడవిలో ఏ రోగం తిరుగుతోందో రాసిపెట్టడం నా పని. శరదృతువులో ట్రాపర్లకి క్లాసు తీసుకోవడం కూడా నా నెత్తినే ఉండేది. అందులో నేను పట్టుబట్టి నేర్పింది ఒక్కటే, తోలు ఒలిచేటప్పుడు గ్లోవ్స్ తొడుక్కోమని. ముసలి ట్రాపర్లు నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

నవ్వనివాడు వాల్టర్ ఒక్కడే. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఒంటరివాడు, మాట పొదుపు. ఆ శుక్రవారం రెండు బీవర్లు తెచ్చాడు. బీవర్ అంటే వాగులకి అడ్డంగా కర్రలతో కట్టలు కట్టుకునే జంతువు. మన పందికొక్కు కుక్కంత పెరిగి ఈత నేర్చుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తన షెడ్డులో హీటర్ చెడిపోయిందనీ, మా ఆఫీసు వెనక షెడ్డులో ఒలుచుకుంటాననీ అడిగాడు. సరేనన్నాను.

బీవర్ తోలు మేక తోలులా లాగితే ఊడిరాదు. ఒంటికి అంటుకుపోయి ఉంటుంది, అంగుళం అంగుళం కత్తితో విడదీయాలి. వాల్టర్ కత్తి పాత రంపపు బ్లేడుతో తను చేసుకున్నది, జానెడు కూడా ఉండదు, అలుగు కడుపు దగ్గర గుండ్రంగా వంగి ఉంటుంది. మొన సూదిగా ఉన్న కత్తి తోలుకి చిల్లు పెడుతుందనీ, మొద్దుబారిన కత్తి మనిషికి చిల్లు పెడుతుందనీ అన్నాడు. ప్రతి పది నిమిషాలకీ బెల్టు మీద నూరుకునేవాడు. జంతువుని తిప్పడానికి రెండు చేతులూ కావలసినప్పుడు కత్తిని పళ్ల మధ్య పెట్టుకునేవాడు. చేతులకి మాత్రం మోచేతుల దాకా నీలం గ్లోవ్స్. నా ప్రాణం లేచి వచ్చింది. వెంటనే ఫోన్ తీసి ఫొటో కొట్టాను. సోమవారం దాన్ని పెద్దదిగా ప్రింట్ చేయించి, పైన 'సరైన పద్ధతి' అని రాసి, నా టేబుల్ ఎదుట గోడకి తగిలించాను.

కళేబరాలు కోల్డ్ రూమ్‌లో పడ్డాయి. వాటిని ఆ రోజే కోసి ఉండాల్సింది. వారాంతం వచ్చింది, తరువాత హెడ్డాఫీసుకి పంపాల్సిన రిపోర్టు వచ్చింది. కత్తెర పట్టుకునేసరికి బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట. మొదటి బీవర్ పొట్ట తెరిస్తే, కాలేయం మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. రెండోదీ అంతే.

టులరీమియా. కుందేళ్లకీ బీవర్లకీ వచ్చే రోగం, ఒలిచే చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, మనిషికీ సులువుగా అంటుతుంది. ల్యాబ్ ఖాయం చేయడానికి రోజులు పడతాయి కానీ ఆ చుక్కలు చూశాక నాకు అనుమానం లేదు. సరైన మందు పడితే తగ్గుతుంది, పడకపోతే ప్రాణం మీదికి వస్తుంది. వాల్టర్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పక్కింటావిడకి చేస్తే, అతనికి నిన్నటినుంచి జ్వరమనీ, పొద్దున ఆసుపత్రికి వెళ్లొచ్చాడనీ, వచ్చీ రాగానే మంచు మీద నడిచే స్నోమొబైల్ బండిని ట్రక్కుకెక్కించుకుని కొండ మీదికి పోయాడనీ చెప్పింది. మా రాష్ట్రంలో పెట్టిన ఉచ్చుని మూడు రోజుల్లోగా చూసి తీరాలి, లేకపోతే లైసెన్స్ పోతుంది. అతనికి ఆ రోజు మూడో రోజు.

మా ఊరి చిన్న ఆసుపత్రిలో డాక్టరు మన తెలుగువాడే, కరీంనగర్ శ్రీకాంత్. వీసా షరతు కోసం మూడేళ్లు పల్లె ఆసుపత్రిలో పనిచేయడానికి వచ్చినవాడు. నన్ను అక్కా అంటాడు. ఫోన్ చేసి వాల్టర్ పేరు చెప్పాను.

"పేషెంట్ల గురించి నేను చెప్పొద్దక్కా. రూల్ మీకు తెలుసు గదా."

"నువ్వేం చెప్పకు బాబూ. నేను చెప్తాను, విను."

బీవర్ల సంగతి చెప్పాను.

"ప్రాణం మీదికొచ్చింది గాబట్టి చెప్తున్న. ట్రాపర్ గదా అని నాకు డౌట్ వచ్చి చేతులు మంచిగ చూసినక్కా. ఒక్క గీత గూడ లేదు. గ్లోవ్స్ ఏస్కున్న అన్నడు. గొంతు నొప్పి, దవడ కింద బిళ్ల కట్టింది. థ్రోట్ ఇన్ఫెక్షన్ అనుకొని అమాక్సిసిలిన్ రాసి పంపిచ్చిన."

చేతుల మీద గీత లేకపోతే రోగం ఎక్కణ్నుంచి వచ్చినట్టు అని తలెత్తాను. ఎదుట గోడ మీద వాల్టర్. చేతులకి నీలం గ్లోవ్స్, పళ్ల మధ్య రక్తం అంటిన కత్తి. ఆ ఫొటో తీసింది నేను. పైన శీర్షిక రాసింది నేను. నా మీద నాకు పుట్టిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

"కత్తి నోట్లో పెట్టుకున్నాడు శ్రీకాంత్. నేను చూస్తూనే ఉన్నాను," అన్నాను.

"అయ్యో. అయితే ఆ గోలీలు పనిచెయ్యయక్కా. జెంటామైసిన్ ఇంజెక్షన్ రెడీగ పెడ్త. మీరు ఎట్లన్న చేసి మనిషిని తీస్కరండి."

అప్పటికి రెండున్నర. అయిదు గంటలకి చీకటి పడుతుంది, మంచు కురుస్తుందని కూడా హెచ్చరిక ఉంది. వార్డెన్‌ని పిలిచాను. వార్డెన్ అంటే మా శాఖలో పోలీసు అధికారాలున్న ఉద్యోగి. అతను నా కింద కాదు, నేను అతని కింద కాదు, అందుకే ఆజ్ఞ కుదరదు, బతిమాలాలి. బతిమాలనివ్వకుండానే స్నోమొబైల్‌కి వెనక మనిషిని పడుకోబెట్టి లాక్కొచ్చే స్లెడ్డు తగిలించాడు. నేను వెనక ఎక్కాను. అరవై దాటిన ఆడమనిషివి నీకెందుకు అని అతను అనలేదు, అని ఉంటే మాట పడేవాడు.

దారి మొదట్లో వాల్టర్ ట్రక్కు కనబడింది. అక్కణ్నుంచి అతని బండి జాడ పట్టుకుని వాగు వెంట పైకి వెళ్లాం. మంచు మొదలై జాడ సగం పూడిపోయింది. రెండు చోట్ల తప్పి వెనక్కి తిరిగాం. ఇంకో అరగంట ఆలస్యమైతే ఆ జాడ కూడా దొరకదని ఇద్దరికీ తెలుసు.

మూడో మడుగు దగ్గర దొరికాడు. ఉచ్చు కోసం మంచుగడ్డలో కొట్టిన కన్నం పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. భుజాల మీద మంచు పేరుకుంది, దులుపుకోలేదు. నుదురు ముట్టుకుంటే పెనంలా కాలుతోంది. నన్ను గుర్తుపట్టాడు. లేవమంటే లేవలేనన్నాడు, పైగా రానన్నాడు. ఇంకా రెండు ఉచ్చులు చూడాలట, చూడకపోతే లైసెన్స్ పోతుందట. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా గడువు దాటలేదట. వార్డెన్ అతని ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, నీ మీద కేసు రాయాల్సినవాణ్ని నేనే, నేను రాయడం లేదు, రేపు ఆ రెండూ నేనే తీస్తాను, బండెక్కు అన్నాడు. అప్పుడు చేతులు చాపాడు. నేను మొదట అతని నడుముకున్న కత్తిని ఒరతో సహా తీసి సంచిలో వేసి మూతి కట్టాను. దానికి మాత్రం బాధపడ్డాడు.

ఆసుపత్రి చేరేసరికి అయిదున్నర. శ్రీకాంత్ చలికోటు కూడా లేకుండా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పదిహేను రోజులు పట్టింది గానీ వాల్టర్ బతికాడు. ల్యాబ్ రిపోర్టులో నేను అనుకున్నదే వచ్చింది.

ఇలాంటివి జరిగినప్పుడు శాఖకి ఒక ఫారం నింపాలి. అందులో 'చెప్పిన జాగ్రత్తలు ట్రాపర్ పాటించాడా' అని ఒక గడి ఉంటుంది. అందరూ లేదనే రాస్తారు, ఫైలు మూసేస్తారు. నేను 'చెప్పినవన్నీ పాటించాడు' అని రాశాను. హెడ్డాఫీసు నుంచి మా పైఅధికారి ఫోన్ చేసి, అలా రాస్తే తప్పు మన మీదికి వస్తుంది కదా అన్నాడు. రావాల్సింది అక్కడికే అన్నాను.

మరుసటి శరదృతువు క్లాసులో రెండు చేతులూ పనిలో ఉంటే కత్తి ఎక్కడ పెడతారని అడిగాను. చాలామంది తలలు దించుకున్నారు. బల్లకి బిగించుకునే ఒక చెక్కదిమ్మ వాల్టరే తయారుచేసి తెచ్చి చూపించాడు. ఉడకబెట్టి శుభ్రం చేసి నేను తిరిగిచ్చిన ఆ కత్తినే అందులో గుచ్చాడు.

పని నేర్పేవాడు ముందు ఆ పని మొదలు నుంచి చివరి దాకా చూడాలి, తను నేర్పిన ముక్కని కాదు. ఫొటో గోడ మీంచి తీయలేదు, శీర్షిక మాత్రం చింపేశాను. రిటైరయ్యే దాకా ప్రతి క్లాసులోనూ దాన్ని చూపించి ఇందులో తప్పేమిటని అడిగేదాన్ని. కొత్తవాళ్లు ఎప్పుడూ ముందు గ్లోవ్సే చూసి, తప్పేమీ లేదనేవారు.