మామగారి కంటే ముందు బస్సెక్కిన పళ్లు

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసిన రోజున మా లెక్కల మాస్టారు తోటి మాస్టర్లకు మిఠాయి పంచారట. ఆయన ఎంత ముందుచూపున్న మనిషో ఇప్పుడు తెలుస్తోంది. ఆ బుర్రతోనే నేను మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్టు నుంచి కాబోయే మామగారిని బస్సులో తీసుకురాబోయి, ఆయన నోట్లో పన్నన్నది లేకుండా చేశాను. కంగారుపడకండి, కొట్టలేదు. కొట్టి ఉంటే కనీసం అక్కడే కింద ఏరుకునేవాళ్లం.

అప్పట్లో రెండు వేల సంవత్సరం ముంచుకొస్తోంది. అది రాగానే కంప్యూటర్లన్నీ మూర్ఛపోతాయని, వాటికి ముందే వైద్యం చెయ్యాలని మన కుర్రాళ్లను విమానాల్లో కుక్కి తెప్పించుకుంటున్నారు. కంప్యూటరు తెలిసినవాడికి పిల్లనివ్వడానికి జనం వరసలో నిలబడ్డారు. నేనేమో మెల్‌బోర్న్ శివార్లలో, డాండెనాంగ్‌లో ఒక హోటల్లో బిర్యానీ వండేవాణ్ణి. అబ్బాయి ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మా అమ్మకు ఉన్నట్టుండి దగ్గు వచ్చేది.

అలాంటి నాకు నరసరావుపేట నుంచి ఓ సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు షమీమ్. ఫొటో చూసినప్పటి నుంచి నేను బిర్యానీలో ఉప్పు మరిచిపోతున్నాను. వాళ్ల నాన్న ఖాసిం సాహెబ్ గారు బట్టల వ్యాపారి. పెద్దల్లుడు రఫీ మాకు దగ్గర్లోనే క్రాన్‌బర్న్‌లో ఉంటూ కంప్యూటర్లకు వైద్యం చేస్తున్నాడు. పెద్దకూతుర్ని చూడటానికి వస్తూ, పనిలో పనిగా నన్నూ చూసి సంగతి తేల్చేస్తానన్నారు మామగారు.

ముందురోజు రఫీ ఫోన్ చేశాడు.

"మస్తాన్ భాయ్, నాకు లీవ్ దొరకలేదు, వీకెండ్ కూడా ఆఫీస్‌లోనే. మా మామని నువ్వే పికప్ చెయ్. ట్యాక్సీ ఎక్కించెయ్, రిస్క్ తీసుకోకు."

"ట్యాక్సీ ఎవడైనా ఎక్కిస్తాడు భాయ్. బస్సెక్కించి, ట్రైన్ మార్పించి తీసుకొస్తే కదా కుర్రాడి సత్తా తెలిసేది!"

"అది చిలకలూరిపేట బస్టాండు కాదు భాయ్."

"బస్సెక్కడైనా బస్సే!"

నా సమాధి మీద ఏమైనా చెక్కించాలనుకుంటే ఈ మాటే చెక్కించండి.

స్కూళ్లకు సెలవులు కావడంతో ఎయిర్‌పోర్టు కిక్కిరిసిపోయింది. ఖాసిం సాహెబ్ గారు బయటికి వస్తూనే నవ్వారు. ఏం పలువరుసండీ! అప్పుడే కడిగి పేర్చిన ముత్యాలు. నాకు అసూయ పుట్టింది. "ముఖం కడుక్కొస్తాను అబ్బాయ్" అని బాత్‌రూములోకి వెళ్లిన మనిషి, నోరు బిగించుకుని, భుజాన ఉండాల్సిన నీలం తువాలును మూటలా చేతిలో పట్టుకుని వచ్చారు. అంతే, ఇక మాట లేదు.

"ప్రయాణం బాగా జరిగిందా మామగారూ?"

"ఊఁ."

"చలేస్తోందా?"

"ఊఁ."

అల్లుడు నచ్చలేదని తేలిపోయినట్టే ఉంది. ఆ చలిలోనూ నాకు చెమటలు పట్టాయి. ఏదో ఒక ఘనకార్యం చేసి చూపించాలి. సరిగ్గా అప్పుడే సిటీకి వెళ్లే బస్సు వచ్చి ఆగింది. దాని ముందు కొండచిలువ పొడుగున క్యూ.

మన ఊళ్లో సీటు ఎలా ఆపుతామో మీకు నేను చెప్పాలా? కిటికీలోంచి కర్చీఫో, తువాలో, మరీ అవసరమైతే చంటిపిల్లవాణ్ణో లోపలికి తోసేస్తే ఆ సీటు మనది. కలెక్టరు వచ్చినా లేవమనడు. ఇక్కడి బస్సుకు కిటికీలు తెరుచుకోవు. అయితేనేం, తలుపు తెరిచే ఉంది. ముసలి డ్రైవరేమో కింద పెట్టెలు సర్దుతున్నాడు.

"ఆ తువాలు ఇటివ్వండి మామగారూ!"

"ఊఁహూఁ! ఊఁహూఁ!" ఆయన మూటను గుండెకు హత్తుకున్నారు.

పాపం, కొత్త అల్లుడికి శ్రమ ఇవ్వడం ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను. మూట లాక్కుని పరుగెత్తాను.

"మేట్, దేర్స్ ఎ క్యూ!" అని క్యూలో ఓ దొరగారు అరిచారు.

"నో వర్రీస్ మేట్! ఐ నాట్ గోయింగ్. ఓన్లీ టవల్ గోయింగ్!"

ముందు సీట్లో మూటను ప్రతిష్ఠించి, యుద్ధం గెలిచినవాడిలా దిగివచ్చి క్యూ చివర నిలబడ్డాను. మామగారు ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో నా చొక్కా పట్టుకుని బస్సు వైపు లాగుతున్నారు.

"తొందరేం లేదు మామగారూ. మన సీటు ఎక్కడికీ పోదు."

తీరా మా వంతు వచ్చేసరికి డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఫుల్, మేట్. నెక్స్ట్ వన్."

"మై సీట్ ఇన్‌సైడ్! మై టవల్ సిట్టింగ్!"

"నీ టవల్ టికెట్ కొన్నదా?" అని ఇంగ్లీషులో అడిగి, తన జోకుకు తనే నవ్వుకుంటూ తలుపు వేసేశాడు. నేను చెప్పినట్టే మా సీటు మాకే ఉంది. మమ్మల్ని వదిలేసి సిటీకి వెళ్లింది, అంతే.

"పోనీలెండి మామగారూ, తువాలే కదా! కొత్తది కొనిపెడతాను."

అప్పుడు నోరు తెరిచారు ఆయన. లోపల ఒక్క పన్ను లేదు.

"తువాలు కాదురా! అందులో నా పళ్లున్నాయి!"

మాటలు సగం గాలిలో కలిసిపోతూనే వచ్చాయి గానీ, నాకు తగలాల్సిన చోట తగిలాయి. కట్టుడు పళ్లట. విమానంలో తిన్న మాంసం ఇరుక్కుంటే కడుగుతున్నారట. ఎవరో లోపలికి రావడంతో సిగ్గుపడి తువాల్లో చుట్టేశారట. మళ్లీ పెట్టుకుందామంటే ఆ రద్దీలో చాటు దొరకలేదట.

"రఫీకి కూడా తెలీదురా ఈ సంగతి! అల్లుడి ముందు బోసినోటితో కూర్చోనా? నా పళ్లు రాకపోతే నీకు పిల్లా లేదు, గిల్లా లేదు!"

తరువాతి బస్సులో పడి సిటీలోని స్పెన్సర్ స్ట్రీట్ స్టేషనుకు చేరాం. మా పళ్లెక్కిన బస్సు అప్పటికే ఎయిర్‌పోర్టుకు తిరిగి వెళ్లిపోయింది. కౌంటర్లో అమ్మాయి రేడియోలో డ్రైవరుతో మాట్లాడింది. అవతల అతను నవ్వుతున్న నవ్వు స్టేషనంతా వినిపించింది. తువాలు క్షేమమే, తిరిగి వచ్చేటప్పుడు తెస్తాడట.

"నా పళ్లు ఊరంతా ఊరేగుతున్నాయి," అన్నారు మామగారు బల్ల మీద కూలబడి. "టికెట్టు కొన్న నేనేమో ఇక్కడ చలికి వణుకుతున్నాను." వణకడానికి కూడా పళ్లుంటేనే అందమని ఆరోజే తెలిసింది.

బస్సు వచ్చింది. ఆ ముసలి డ్రైవరు తువాలును రెండు చేతులా అందించి, అటూ ఇటూ చూసి, తన పై వరుసను నాలుకతో సగం బయటికి తోసి టక్కున లోపలికి లాక్కున్నాడు. "మీ టూ, మేట్." మామగారు బదులుగా తన చిగుళ్లు చూపించారు. ఇద్దరూ భుజాలు తట్టుకుని మరీ నవ్వారు. నవ్వే అర్హత నాకు లేదు కాబట్టి నేను బూట్లు చూసుకున్నాను.

లంచ్‌కి చేరాల్సినవాళ్లం క్రాన్‌బర్న్‌లో అడుగుపెట్టేసరికి దీపాలు పెట్టేశారు. గది నిండా చుట్టాలు.

"ఏమైంది భాయ్? ఇంత లేటా?" అని రఫీ ఎదురొచ్చాడు.

మామగారు బక్రీద్ ముందురోజు మేక చూసినట్టు నా వైపు చూశారు. నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"దారి తప్పాను భాయ్. బోర్డు చదవడం రాక తప్పు బస్సెక్కించాను."

"నేను చెప్పలా! బస్సెక్కడైనా బస్సేనంట!" అని రఫీ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని నవ్వాడు. చుట్టాలు నా చదువు గురించి ఆరా తీశారు. మామగారు భోజనం పళ్లెంలోంచి తలెత్తకుండా ఎముకలు కటకటా నమిలారు. సంబంధం పోయిందనుకుని నేను కోటు తొడుక్కున్నాను.

(ఇదంతా బయటపెడుతున్నానని నన్ను తిట్టకండి. ఇప్పుడు ఆ పళ్లు చేతిలో పట్టుకుని మరీ ఈ కథ అందరికీ చెప్పేది మామగారే.)

మర్నాడు మధ్యాహ్నం రఫీ భార్య ఫోన్ చేసి, "మా చెల్లెలు లైన్లో ఉంది, మాట్లాడు" అని కలిపింది.

"నాన్న అంతా చెప్పారు," అంది షమీమ్.

"అంతానా?"

"పళ్లతో సహా. 'తెలివి లేనివాడే గానీ, నా పరువు కోసం నలుగురిలో వెర్రివాడయ్యాడు, ఖాయం చేసెయ్యండి' అన్నారు."

ఫోన్ ముందు నిటారుగా నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకున్నాను.

"షమీమ్ గారూ, భూమ్యాకాశాల సాక్షిగా, ఈ దేశంలో గెంతే ప్రతి కంగారూ సాక్షిగా చెబుతున్నాను. బస్సులో గానీ, రైల్లో గానీ, ఆఖరికి పెళ్లి భోజనాల బల్ల దగ్గర గానీ, ఈ మస్తాన్ బతికున్నంతకాలం తువాలు వేసి సీటు ఆపడు!"

"ఒట్లు తర్వాత పెట్టుకుందురు గానీ, మనమిద్దరం బస్సెక్కే రోజున ముందు నన్నెక్కించండి," అంది షమీమ్. "తువాలు వెనక బస్సులో వస్తుంది."