శాంతమ్మ గదిలో రెండు జట్ల ఈగలు

క్రిస్టినా తార్నాకలో ఉంటుంది, క్యాంపస్‌లో జంతుశాస్త్రం చెబుతుంది. రెండేళ్లుగా అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగలను సీసాల్లో పెంచుతోంది. ఒకే సంతతిని రెండు జట్లు చేసి ఒకదానికి గంజి, ఇంకోదానికి బెల్లం తిండిగా పెట్టింది. రెండింటినీ కలవనివ్వలేదు. రెండు వారాలకో తరం చొప్పున ఇన్ని తరాలు విడిగా బతికాక కలిపితే, పరాయి జట్టుతో జతకడతాయా? ఆమె తేల్చుకోవాల్సింది అదే.

మే నెలలో ల్యాబ్ ఏసీ చెడిపోయింది. ఈగలు ఎండకు ఆగవు. సీసాలు అట్టపెట్టెలో సర్దుకుని ఆటో ఎక్కింది.

"ఏంది మేడం అండ్ల?" అన్నాడు ఆటో అతను.

"ఈగలు."

"ఇంటికి తీస్కపోతున్నరా?"

"అవును."

అతను తార్నాక చౌరస్తా దాకా అద్దంలో ఆ పెట్టెనే చూస్తూ నడిపాడు. "మా ఇంట్ల శాన ఉన్నయ్ మేడం," అన్నాడు దించేటప్పుడు.

ఇంట్లో ఉన్న ఒక్క ఏసీ అత్తగారి గదిలో ఉంది. శాంతమ్మ గుంటూరులో టీచరుగా చేసి రిటైరైంది.

"ఈగలు రాకూడదనే కదమ్మా కిటికీలకు జాలీలు కొట్టించింది," అందావిడ.

"ఇవి సీసా దాటి రావత్తయ్యా."

"సరే, ఆ బల్లమీద పెట్టు. బైబిలు ఇటివ్వు."

పరీక్ష రోజు వచ్చింది. అప్పుడే రెక్కలొచ్చి, ఇంకా జతకట్టని ఈగలను క్రిస్టినా రెండు సీసాల్లో ఉంచింది. గుర్తు తెలియడానికి గంజిలో ఎర్రరంగు, బెల్లంలో నీలిరంగు కలిపింది. తిన్న రంగు పొట్టలో కనిపిస్తుంది. రెండు జట్లనూ లెక్కపెట్టి కలపడానికి పెద్ద సీసా ఒకటి తేవాలని క్యాంపస్‌కు వెళ్లింది.

బల్ల తుడుస్తుంటే శాంతమ్మ మోచెయ్యి తగిలి గంజి సీసా బీటలిచ్చింది. ఈగలు గదంతా పడతాయని ఆవిడ కంగారుపడి, రెండో సీసా మూతిలోని దూది తీసి, వాటిని అందులోకి దులిపేసింది. కొన్ని తప్పించుకుని వంటింటికి పోయాయి.

క్రిస్టినా వచ్చి చూసి మంచమ్మీద కూలబడింది. "రెండేళ్ల పనత్తయ్యా. ఏవి ఎన్ని ఉన్నాయో ఇప్పుడు లెక్కే లేదు."

"తప్పు నాదేనే తల్లీ." ఆవిడ వెళ్లి టీ పెట్టుకొచ్చింది.

సాయంత్రం క్రిస్టినా ఊరికే భూతద్దం పెట్టి చూసింది. జతలు కట్టడం మొదలైంది. ఎర్రవి ఎక్కువగా ఎర్రవాటినే చేరాయి, నీలివి నీలివాటిని. జట్టు దాటినవి కొన్నే.

"అంటే వేరే జాతి అయిపోయాయా?" అడిగింది శాంతమ్మ.

"ఇంకా లేదు. దాటినవాటికి పిల్లలు పుడతాయి. అదీ ఆగిపోతే అప్పుడు వేరే జాతి."

"వేరుగా ఉండమని వీటికెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. తిండి మారింది, రాకపోకలు ఆగాయి, అంతే."

శాంతమ్మ సీసాలోకి తొంగిచూసింది. "మీ పెళ్లిలో మీవాళ్లు పెట్టిన పులుసులో బెల్లమేంటని మా గుంటూరు వాళ్లు విస్తళ్ల ముందునుంచి లేచి వెళ్లిపోయారు," అంది.

ఒక్క సీసా రుజువు కాదు. ల్యాబ్ బాగయ్యాక క్రిస్టినా మిగతా సీసాల్లోని ఈగలతో పద్ధతిగా మళ్లీ మళ్లీ చేసింది. ఫలితం అలాగే వచ్చింది. సెమినార్లో చెప్పిన రోజు శాంతమ్మ ముందు వరసలో కూర్చుంది. పూర్తిగా కొత్త జాతి కావడానికి ఎంతకాలం పడుతుందని ఎవరో అడిగారు.

"చెప్పలేం. లక్షల ఏళ్లు కూడా పట్టొచ్చు," అంది క్రిస్టినా.

శాంతమ్మ పక్కావిడ వైపు వంగి, "మా కోడలికి ఓపికెక్కువ," అంది.