జీడితోటలో నా కేక

నా చిన్నప్పుడు ఒక వేసవిలో మా ఉద్దానం ఊరిని దొంగల భయం పట్టుకుంది. అంతకు ముందటి తుఫానుకు కొబ్బరిచెట్లు సగానికి సగం కూలిపోయి చాలా ఇళ్లలో పని లేకుండా పోయింది. జీడిపిక్కలు రాలే రోజులు వచ్చేసరికి తోటల్లో పిక్కలు మాయం కావడం మొదలైంది. మగవాళ్లు కర్రలు పట్టుకుని కాపలా తిరిగేవారు. దారిన పోయే ఒకతన్ని దొంగ అనుకుని వాళ్లు కొట్టడం నేను కళ్లారా చూశాను. అతను ఊరూరా తిరిగి గిన్నెలకు మాట్లు వేసి బతికే మనిషని తర్వాత తెలిసింది.

ఓ మధ్యాహ్నం మా జీడితోటలో ఉన్న మా నాయనమ్మకు మజ్జిగ తీసుకెళ్తున్నాను. చెట్ల కింద ఎవరో వంగి గోనెసంచిలోకి పిక్కలు ఏరుకుంటూ కనిపించారు. "దొంగ! దొంగ!" అని అరిచేశాను. ఆ మనిషి తలెత్తాక గుర్తుపట్టాను. మా కొబ్బరికాయలు దింపే ఆయన భార్య. నేను అత్తా అని పిలిచే మనిషి.

కంచె అవతల అప్పటికే పరుగుల చప్పుడు. నాయనమ్మ గబగబా వచ్చింది.

"తప్పయిపోనాదమ్మా. కిడ్నీలు పాడయి ఆయన మంచమెక్కీసినాడు. పిల్లలకి గంజి కూడా లేదు" అంది అత్త.

నాయనమ్మ ఆమె పక్కన కూర్చుని తనూ పిక్కలు ఏరి ఆ సంచిలోనే వేయసాగింది. అంతలో కర్రలతో నలుగురు వచ్చి పడ్డారు.

"దొంగేటి? ఏరడానికి నేనే పిలిసినాను. పిల్ల తెలీక అరిసింది, ఎల్లండి" అంది నాయనమ్మ.

వాళ్లలో ఒకాయన నన్నే చూస్తూ "నిజమేనేటే?" అన్నాడు. తల ఊపాను. వాళ్లు వెళ్లిపోయారు.

"నన్నడగలేకపోయినావేటి?" అంది నాయనమ్మ అత్తతో. మళ్లీ పిక్కలు ఏరుతూ, "నేను మాత్రం మీ గుమ్మంలోకొచ్చి సూసినానేటి" అని తనలో తాను గొణుక్కుంది.

మర్నాటి నుంచి అత్త మా తోటలో కూలికి రాసాగింది. పని లేని మరో ఇద్దరు ఆడవాళ్ల కోసం నాయనమ్మ పక్క తోటల వాళ్లను అడిగింది. ఒకరు ఒప్పుకున్నారు, ఇంకొకరు నవ్వి పంపేశారు. ఊళ్లో దొంగతనాలు తగ్గాయి గానీ పూర్తిగా ఆగలేదు.

ఇప్పటికీ మా వీధిలో ఏదైనా పోయిందంటే నాకూ భయం వేస్తుంది. తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటాను. కానీ ఈమధ్య ఎవరింట్లో పని పోయింది, ఎవరు మంచాన పడ్డారు అని కనుక్కోకుండా మాత్రం ఉండలేను.