మూత తీసే మనిషి

టెక్సాస్‌లో మాంసాన్ని పొగలో మగ్గబెట్టడం రాని మగవాణ్ణి ఎవరూ తిట్టరు, జాలిపడతారు. స్కూలు బస్సు నడిపి రిటైరైన వెర్లిన్ ఆ జాలి భరించలేకే నెలరోజులుగా ప్రతి శనివారం భార్య లోర్నాను వెంటేసుకుని ఇనుప సామాన్ల కొట్టుకు వస్తున్నాడు. పెరట్లోకి పెద్ద పొగపొయ్యి కొనాలి. కొట్లో ఉన్న రెండిట్లో ఒకటి పడుకోబెట్టిన పీపాలా ఉంటుంది, రెండోది బీరువాలా. బొజ్జ మీదికి బెల్టు లాక్కుని పీపా మూత తీస్తాడు, బీరువా తలుపు తీస్తాడు, తల లోపల పెట్టి వాసన చూస్తాడు, మూస్తాడు, మళ్ళీ తీస్తాడు.

"పీపాలో ఆరు గొడ్డు రొమ్ముముక్కలు పడతాయి, బీరువాలో తొమ్మిది," అన్నాడు.

"ఇంట్లో ఉన్నది ఇద్దరం. అందులో నీ వంట నేను తినను," అంది లోర్నా.

కొట్టు యజమాని హోయట్ నవ్వాపుకుంటూ, "పాత పొయ్యికేమైంది?" అన్నాడు.

"దానికేం కాలేదయ్యా!" అంది లోర్నా. "పోయిన ఎండాకాలం చర్చివాళ్ళను భోజనానికి పిలిచి, ఉడికిందా అని పది నిమిషాలకోసారి మూత తీశాడు. వేడెక్కడ నిలుస్తుంది? పద్నాలుగు గంటలైనా ముక్క మెత్తబడలేదు. పాస్టరుగారు వట్టి చిక్కుడుగింజలు తినిపోయారు."

వెర్లిన్ తన చేతివంక చూసుకున్నాడు. బీరువా తలుపు మళ్ళీ తెరిచే ఉంది. మెల్లగా మూశాడు.

"హోయట్, రెండిట్లో తాళం పడేది ఏదో అదిచ్చెయ్," అన్నాడు. "తాళంచెవి మాత్రం మా ఆవిడకివ్వు."