ఎర్ర కారూ, నా మోకాళ్ళూ

ఆ కారులోంచి దిగడానికి నేనొక పద్ధతి కనిపెట్టాను. ముందు కుడికాలు బయట పెట్టాలి. తర్వాత తల వంచి, ఎడమ మోకాలు గడ్డానికి ఆనించి, "అమ్మా" అని ఒక మూలుగు మూలిగి, ఒక్క ఊపున బయటపడాలి. చూసేవాళ్ళకి అది గోనెసంచిలోంచి ఒంటె బయటికొస్తున్నట్టు ఉండేదట. ఈ మాటన్నది మా ఆయన. ఆయన ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. అదే సీట్లోంచి ఆయన సోఫాలోంచి లేచినట్టు లేచి వస్తారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నేను సత్తెనపల్లిలో హైస్కూలు పిల్లలకి ఆటలు నేర్పి రిటైరయ్యాను. ముప్పై ఏళ్ళకి పైగా ఊళ్ళో పిల్లలందరి చేతా పరుగులు తీయించాను. ఇక నేనే ఒకసారి వేగంగా పోయి చూద్దామనిపించింది. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు. గుంటూరులో ఒక డాక్టరుగారు తన రెండు సీట్ల ఎర్ర కారు అమ్మేస్తున్నారని తెలిసి వెళ్ళాను. పండు మిరపకాయ రంగు. నేలకి జానెడెత్తున బోర్లా పడుకున్నట్టుంది. చూడగానే మనసు పారేసుకున్నాను. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే, నడుం నొప్పమ్మా అన్నారాయన. డాక్టరుకే నడుం నొప్పి తెప్పించిన బండి నన్ను వదులుతుందా అని అప్పుడు తట్టలేదు.

ఇక్కడ నా ఎత్తు సంగతి చెప్పాలి. ఎవరడిగినా అయిదడుగుల పదకొండు అని చెప్పేదాన్ని. అది అబద్ధం. ఆ అబద్ధం నాకు మా నాయనమ్మ నేర్పింది. ఇంట్లో గుమ్మం దాటుతున్న ప్రతిసారీ "ఎదిగిన కొద్దీ ఒదగాలే అమ్మాయ్" అనేది. ఆ సామెతలో ఎదగడమంటే చదువూ పేరూ అని లోకమంతా అనుకుంటుంది. మా నాయనమ్మ మాత్రం అడుగులూ అంగుళాలూ అనుకుంది. పెళ్ళిచూపుల నాడు నన్ను చాప మీద కూర్చోబెట్టి, వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా లేవొద్దంది. కాలు తిమ్మిరెక్కినా లేవలేదు. పెళ్ళి ఫొటోల్లో మా ఆయన పీట మీద నిలబడి ఉంటారు, పీట కనపడకుండా నా చీర కుచ్చిళ్ళు పరిచి ఉంటాయి. ఆ తర్వాత గ్రూపు ఫొటోల్లో చివర నిలబడి మోకాళ్ళు వంచడం, బస్సులో మెడ వంచడం, మాట్లాడేటప్పుడు ఒక భుజం దించడం అన్నీ అలవాటైపోయాయి. స్కూల్లో పిల్లలకి మాత్రం "వెన్ను నిటారు!" అని విజిల్ ఊది మరీ చెప్పేదాన్ని.

కారు కొన్నాక పూజ చేయిద్దామని పెదకాకాని గుడికి తీసుకెళ్ళాను. మా వైపు కొత్త బండైనా, కొత్తగా చేతికొచ్చిన పాత బండైనా ముందు అక్కడికే. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పంతులుగారు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. నేను లోపల్నుంచి దిగాలి. నా పద్ధతి అప్పటికింకా కుదరలేదు. ఒక కాలు బయటా, ఒక కాలు లోపలా, తల స్టీరింగు మీదా పెట్టుకుని అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కుపోయాను. హారతి కర్పూరం ఆరిపోయింది. పంతులుగారు ఇంకో బిళ్ళ వెలిగించారు.

రోడ్డుకి అవతల సీట్లు కుట్టే షెడ్డు ఉంది. దాని ముందు ఒక సాయిబుగారు స్టూలు మీద కూర్చుని ట్రాక్టరు సీటుకి రెగ్జిన్ బిగిస్తున్నాడు. నా కంటే నాలుగైదేళ్ళు చిన్నవాడేమో. నేను బయటపడేదాకా చూసి, నేను షెడ్డు దాటి వెళ్తుంటే అన్నాడు.

"బండి బంగారమమ్మా. కాకపోతే మీది కాదు."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ముఖం ముడుచుకుని వచ్చేశాను.

రెండు నెలలు తిప్పాను. గేరు మార్చినప్పుడల్లా ఎడమ మోకాలు స్టీరింగుకి కొట్టుకునేది. సీటు పొట్టిది కావడంతో తొడలకి ఆసరా లేదు, నరసరావుపేట పోయి వచ్చేసరికి కాళ్ళు బరువెక్కిపోయేవి. తల పైకప్పుకి తగలకుండా మెడ పక్కకి వాల్చి నడిపేదాన్ని. సిగ్నలు దగ్గర ఆగితే పక్క ఆటోవాళ్ళు, "ఏంటి మేడం, ఫోన్ మాట్లాడుతున్నారా?" అని అడిగేవారు. అయినా, తెల్లారకముందే కల్లాల పక్కనుంచి, ఎర్రగా ఆరబోసిన మిర్చి మధ్య నుంచి పోతుంటే ఆ నొప్పులన్నీ మరచిపోయేదాన్ని. ఇంటికొచ్చి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకునేటప్పుడు మళ్ళీ గుర్తొచ్చేవి.

చివరికి అమ్మేద్దామని నలుగురి చెవినా వేశాను. ఒక ఆదివారం ఒంగోలు నుంచి పొగాకు వ్యాపారం చేసే ఒకాయన కారు చూడ్డానికి వచ్చాడు. ఎత్తులో మా ఆయన కంటే ఇంకో వేలెడు తక్కువ. సీట్లో కూర్చోగానే, "అబ్బ! నాకోసమే చేయించినట్టుందండీ" అన్నాడు. నిజంగానే అలా ఉంది. కాళ్ళు చక్కగా చాపుకున్నాడు, తల మీద ఇంకో తల పట్టేంత చోటుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. వచ్చే ఆదివారం మాటిస్తానని చెప్పి పంపించాను.

"ఇచ్చెయ్యమంటారా?" అని మా ఆయన్ని అడిగాను.

"నీ బండి, నీ మోకాళ్ళు. మధ్యలో నేనెవర్ని?" అన్నారాయన.

నాకు ఇవ్వాలని లేదు. ఉంచుకునే ఓపికా లేదు. మర్నాడు సోమవారం, రోషం పక్కన పెట్టి పెదకాకాని వెళ్ళాను.

సాయిబుగారు నన్ను గుర్తుపట్టాడు. గొప్పలు పోకుండా, నేను ఆటల టీచరుననీ, బండి ఒక డాక్టరుగారి దగ్గర కొన్నాననీ చెప్తే అన్నీ విన్నాడు. తలుపు తీసి, స్టీరింగు కింద చెయ్యి పెట్టి ఏదో లివరు లాగాడు. స్టీరింగు రెండు వేళ్ళెత్తు పైకి లేచింది. ఆ లివరు ఒకటుందని రెండు నెలలు నాకు తెలియదు. నేను నోరు తెరిచేలోపే, "డాక్టరుగారికీ తెలిసుండదులెండి" అన్నాడు నా పరువు కాపాడుతూ.

"సీటు ఫోమంతా తీసేసి మంచి దూది కూరండి సాయిబుగారూ, మెత్తగా ఉంటుంది. మనది పత్తి పండే గడ్డ" అన్నాను, తెలివిగా చెప్పాననుకుని.

ఆయన పెద్దగా నవ్వాడు. "మా తాత ఊరూరా తిరిగి దూదేకి పరుపులు కుట్టాడమ్మా. దూది సంగతి నాకు చెప్తారా? మొదటి నెల మెత్తగుంటుంది, రెండో నెల గడ్డ కడుతుంది, మూడో నెల ఎండలో వేసి మళ్ళీ ఏకమంటుంది. కారు సీటు మేడ మీద ఆరేస్తారా?"

ఆయన పద్ధతి వేరు. ముందు మనిషిని కూర్చోబెడతాడు, తర్వాత సీటు సంగతి చూస్తాడు. వెదురు బద్ద ఒకటి తెచ్చి నా నడుం నుంచి మోకాలికీ, సీటు నుంచి నడినెత్తికీ ఆనించి పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాడు. తలకీ కప్పుకీ మధ్య కూర్చున్న మనిషి పిడికిలి దూరాలట. ఎవరి పిడికిలి వాళ్ళకే కొలత. సీటు కింద తొంగి చూసి, "ఈ పసుపు వైర్లు ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోను, బెల్టు బిగింపు కదపను. మిగతాదంతా నాకొదిలెయ్యండి" అన్నాడు. ఎత్తెంతమ్మా అని అడిగాడు. అయిదడుగుల పదకొండన్నాను. ఇన్నేళ్ళ అలవాటు, నాలుక దానంతటదే తిరిగింది.

ఇంకో మాట కూడా చెప్పాడు. సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు తీసేసి, వెనకాల చివరికంటా జరిపి నేరుగా నేలకి బిగిస్తే ఇంకా బాగా దిగుతుంది. కానీ ఇక అది కదలదు. ఒక్క మనిషికే సరిపోతుంది.

"వద్దొద్దు. మా ఆయన నడపాలి. రేపు ఎవరికైనా అమ్మినా పనికి రావాలి" అన్నాను. ఇది కూడా అలవాటే.

బుధవారానికి సీటు సిద్ధమైంది. కిందున్న మందపాటి ఫోము తీసి పల్చటి గట్టి ఫోము వేశాడు. తొడల కింద ముందుభాగం కొంచెం ఎత్తు చేసి, బెత్తెడు పొడవు పెంచాడు. కూర్చుంటే హాయిగా ఉంది. కాళ్ళ కింద ఎవరో చేతులు పెట్టి మోస్తున్నట్టుంది. నా పిడికిలి పెట్టి చూపించమన్నాడు. తలకీ కప్పుకీ మధ్య సరిగ్గా దూరింది. సంతోషంగా బయల్దేరాను.

గుంటూరులో మిర్చి యార్డు దగ్గరికొచ్చేదాకా ఆ సంతోషం నిలిచింది. మంచి సీజను. లారీల నిండా టిక్కీలని మేం పిలిచే మిర్చి బస్తాలు, రోడ్డంతా ఘాటు. ముక్కులోకి ఎక్కింది. మూడు తుమ్ములు వరసగా వచ్చాయి. తుమ్మబోయే ముందు మనిషి నిటారుగా లేస్తాడు కదా, ఆ సంగతి నేనెప్పుడూ గమనించలేదు. మూడుసార్లూ నడినెత్తి ఠంగున కప్పుకి తగిలింది. పక్కనున్న లారీ డ్రైవరు కిందకి తొంగి చూసి, "మేడం, డప్పు వాయిస్తున్నారా?" అన్నాడు. అక్కడే బండి తిప్పాను.

సాయిబుగారు నమ్మలేదు. "కొలత తప్పదే. ముప్పై ఏళ్ళలో తప్పలేదే" అంటూ వెదురు బద్ద తెచ్చి గీతలు చూసుకున్నాడు. నన్ను మళ్ళీ కూర్చోమన్నాడు. పిడికిలి దూరింది. మళ్ళీ దిగమన్నాడు, మళ్ళీ కూర్చోమన్నాడు. ఈసారి సీటు వైపు చూడలేదు, నన్నే చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మా, మీరు ఒదిగారు."

"ఏంటి?"

"కొలత తీస్తుంటే ఒదిగి కూర్చున్నారమ్మా. ఇప్పుడూ ఒదిగారు. బద్ద తెచ్చానో లేదో మెడ లోపలికి పోయింది, భుజాలు దిగిపోయాయి. నేను ఒదిగిన మనిషికి సీటు కుట్టాను. అది తప్పు నాది. ఈ సీటు మీది కాదు, మీలో సగానిది."

నేను నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. అరవై దాటిన మనిషిని, షెడ్డు ముందు జనం చూస్తుండగా కళ్ళు తుడుచుకున్నాను. బాధనిపించింది, నాయనమ్మ మీద కాదు, నా మీద. నా సొంత డబ్బుతో కొనుక్కున్న నా కారులో కూడా ఎవరికోసం ఒదిగాను? అక్కడెవరూ లేరు కదా.

సాయిబుగారు నీళ్ళ సీసా అందించి, షెడ్డు గోడ చూపించాడు. "చెప్పులు విడిచి అక్కడ నిలబడండమ్మా. మడమలు గోడకి ఆనించండి. స్కూల్లో మీ పిల్లల్ని ఎలా నిలబడమంటారో అలా."

నిలబడ్డాను. ఆయన స్టూలెక్కి సుద్దముక్కతో గీత గీశాడు. టేపు పట్టి చూశాడు. అంకె నాకు తెలుసు, ఆయనకీ ఇప్పుడు తెలిసింది.

"పట్టాలు తీసెయ్యండి సాయిబుగారూ. వెనక్కి జరిపి నేలకి బిగించెయ్యండి" అన్నాను.

"ఇక మీ ఒక్కరికేనమ్మా. సారు నడపలేరు. అమ్మాలన్నా కష్టం. ఆలోచించుకోండి."

"ఆలోచించే చెప్తున్నా."

ఇంటికొచ్చి మా ఆయనకి భయపడుతూనే చెప్పాను. ఆయన పేపరు మడిచి, "మంచిది. పక్క సీట్లో కూర్చుని జామకాయలు తింటాను" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. "పెళ్ళిచూపుల్లోనే కనుక్కున్నానోయ్. కూర్చుంటేనే నాకంటే ఎత్తున్నావు. నువ్వెప్పుడు లేస్తావా అని మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే పోయాను."

ఈ మాట ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు ఆయన. చెప్పి మళ్ళీ పేపరు విప్పుకున్నారు.

శనివారం కారు చేతికొచ్చింది. మిర్చి యార్డు మీదుగానే తెచ్చాను, కావాలని అద్దాలు దించి. అయిదు తుమ్ములు తుమ్మాను. ఒక్కటీ తగల్లేదు.

ఆదివారం పొద్దున్నే ఒంగోలాయన దిగాడు. అమ్మటం లేదండీ అని ఫోన్ చేసి ఉండాల్సింది, ఈ హడావుడిలో మరిచిపోయాను. క్షమించమని చెప్పేలోపే ఆయన తలుపు తీసి ఉత్సాహంగా లోపల కూర్చున్నాడు. కూర్చున్నాడు అనకూడదు, మునిగాడు. రెండు కాళ్ళూ చాపాడు. పెడళ్ళు అందలేదు. ఇంకొంచెం జారాడు. ఇప్పుడు అద్దంలోంచి రోడ్డు కనపడటం లేదు. సీటు ముందుకి జరుపుదామని కింద చెయ్యి పెట్టి వెతికాడు. అక్కడేమీ లేదు.

"ఇదేంటండీ, ఎవరి కొలతకి చేయించారు?" అన్నాడు లోపల్నుంచి.

"నా కొలతకేనండి" అన్నాను. "ఆరడుగుల ఒక అంగుళం."

వీధిలో నిలబడి, నిటారుగా, అందరికీ వినపడేలా చెప్పాను. ఎదురింటి ఆవిడ ముగ్గు వేస్తూ తలెత్తింది. మా ఆయన అరుగు మీద జామకాయ కొరుకుతూ, "అంతే ఉంటుంది" అన్నారు.

పాపం ఆ పెద్దమనిషి బయటికి రావడానికి నానా తంటాలూ పడుతున్నాడు. దగ్గరికెళ్ళి చెయ్యి అందించాను.

"ముందు కుడికాలు బయట పెట్టండి. ఇప్పుడు తల వంచండి. మోకాలు గడ్డానికి ఆనించండి. ఆఁ, ఇక 'అమ్మా' అనండి."