మరియమ్మ చీర పేలిక

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది హుజూర్‌నగర్ దిక్కు, కృష్ణ ఒడ్డు. మా ఆయన చేపలు పడతాడు, నేను అమ్ముతాను, తెగిన వలలు బాగుచేస్తాను. అవతలి ఒడ్డు ఆంధ్ర. రాష్ట్రం రెండయ్యాక నీళ్ల కోసం పైన ఎంత గొడవ జరిగినా, మా రెండు ఒడ్లకూ ఒక ఒప్పందం ఉండేది. అందరి చేపలూ మా రేవులో ఒకే కుప్పగా పోసి అమ్మాలి. విడివిడిగా అమ్మితే, చేపలు కొనుక్కుపోయే ఐసు బండి షావుకారు మాకు మాకు పోటీ పెట్టి ధర తెగ్గొడతాడు. వానాకాలం చేపలు గుడ్లు పెట్టే నెలల్లో ఎవరూ వల వేయకూడదు. వరదకు కొట్టుకొచ్చిన వల ఏ ఒడ్డున దొరికినా కడిగి, ఆరబెట్టి, ఎవరిది వాళ్లకు పంపాలి. గుర్తు కోసం ప్రతి ఇల్లూ ఒక పాత చీర పేలికను వలకు కట్టుకునేది.

అవతలి ఒడ్డు మరియమ్మది ఆకుపచ్చ అంచు పసుపు చీర. కుప్ప దగ్గర నా పక్కనే కూర్చునేది. చుట్టరికం లేకపోయినా వదినా అని పిలిచేది. నాకు పాప పుట్టినప్పుడు, మెత్తగా ఉంటుందని, ఆ చీరలో సగం చింపి పొత్తిళ్లకు ఇచ్చింది.

నీళ్ల గొడవ ముదిరి డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులూ దిగిన వానాకాలం అది. ఇల్లు గడవక మా ఆయన, పిల్లచేపను కూడా వదలని సన్నకన్ను వల దొంగచాటుగా వేశాడు. నాకు తెలుసు. వద్దనలేదు. వరదకు ఆ వల తెగి మా రేవుకే కొట్టుకొచ్చింది, నిండా వేలెడంత చేపపిల్లలతో, అన్నీ చచ్చి. మొదట చూసింది నేనే. దొంగవల కాబట్టి మా పేలిక దానికి లేదు. అయినా ఎవరిదని ఆరా తీస్తారు, మాదని తెలిస్తే మమ్మల్ని రేవుకు రానివ్వరు. ఇంటికి పరుగెత్తాను. పాప పొత్తిళ్లలోంచి ఒక ముక్క చింపి తెచ్చి వలకు కట్టాను.

ఆ గుడ్డే ఎందుకు? చేతికి అదే దొరికిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ రోజుల్లో అవతలి వాళ్ల తప్పంటే మావాళ్లు ఇంకేమీ అడగకుండా నమ్ముతారని నాకు తెలుసు.

నమ్మారు. "నీళ్ల కాడ కొట్లాడుడు సాలదని మన చేపపిల్లల్ని గూడ తోడుకపోతున్నరా గీళ్లు" అని పెద్దమనిషి ఒకాయన రేగిపోయాడు. కబురు పంపితే మరియమ్మ పుట్టిలో ఒక్కతే వచ్చింది. వలను ఒళ్లో వేసుకుని మెల్లగా తిప్పింది. నేను వేసిన అతుకు మీద ఆమె బొటనవేలు ఆగింది. ఎవరి ముడి ఎవరిదో మా చేతులకు తెలుస్తుంది.

"ఈ వల నాదంటావా వదినా?" అంది.

"పేలిక నీదే గద మరియమ్మా."

నా ముఖంలోకి చూసింది. "అయితే నాదేలే," అని లేచి వెళ్లిపోయింది.

నన్ను కాపాడిందా? లేక తన మాట ఆ రోజు ఎవరూ వినరని తెలిసి ఊరుకుందా? అడిగే ముఖం నాకు లేదు. రేవు లెక్కలు, తగవులు ఎక్కించే మా చేపల సంఘం పుస్తకం రాసేది నేనే. వల అవతలి ఒడ్డుదని నా చేత్తోనే రాశాను.

వాళ్లు రేవుకు రావడం మానేశారు. కుప్ప రెండయింది. షావుకారు ఈ ఒడ్డున ఒక మాట, ఆ ఒడ్డున ఒక మాట చెప్పి అందరి ధరా దించాడు. మరియమ్మ కుటుంబాన్ని వాళ్ల ఊళ్లో కూడా దూరం పెట్టారట. పుట్టి అమ్ముకుని మిరప కోతలకు కూలికి పోతున్నారని విన్నాను.

మొన్నటి వరదలో మా వల ఒకటి కొట్టుకుపోయింది. వారం తరువాత పడవ నడిపే అతను తెచ్చి అరుగు మీద పెట్టాడు. కడిగి, ఆరబెట్టి, మడిచి ఉంది. మా పేలిక అలాగే ఉంది. చిరిగినచోట కొత్త దారంతో అతుకు. ఆ ముడి ఎవరిదో చూడగానే తెలిసింది. మా ఆయన ఏటికి తీసుకుపోతానంటే ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను.

క్షమించిందనుకోవాలా? అంత ఆశ నాకు లేదు. ఒప్పందం ప్రకారం ఆమె వల పంపింది, అంతే. ఆమె ముఖం చూసి అనలేని మాట, పుస్తకంలో రాయలేని మాట మీతో అంటున్నాను. ఆ రోజు రేవులో దొరికిన వల మరియమ్మది కాదు. నాది.